బెజవాడ, గుంటూరు నుంచి అరకు మకాం మార్చాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ వచ్చిందంటే విజయవాడ, గుంటూరు చుట్టాల దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఎండ నలభై దాటితే చాలు, "మీ అరకులో మాకూ ఓ ఇల్లు చూసిపెట్టండి" అంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాక ఈ ఫోన్లు వానాకాలంలోనూ వస్తున్నాయి. మేం భవానీపురంలో ఇల్లు అద్దెకిచ్చి ఇక్కడ అద్దెకుంటున్నాం. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. రెండు రోజులు చూసి పోదామనుకునేవాళ్లకి ఇందులో పనికొచ్చేది తక్కువ.

అరకు ఎంత దూరం? ఎలా రావాలి?

విజయవాడ నుంచి వైజాగ్ దాదాపు 350 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి అరకు ఇంకో 115. కారులో పొద్దున్నే బయల్దేరినా చేరేసరికి సాయంత్రం. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అలవాటు లేనివాళ్లు చీకట్లో, అందులోనూ మంచు కమ్మినప్పుడు, ఆ మలుపుల్లో నడపొద్దు. ఆలస్యమైతే కిందే ఎక్కడో పడుకుని తెల్లారాక ఎక్కండి.

రైలైతే, పొద్దున ఏడు లోపే వైజాగ్‌లో బయల్దేరే కిరండూల్ పాసింజరు పదకొండు ప్రాంతంలో అరకులో దింపుతుంది. పొద్దున విజయవాడలో రత్నాచల్ ఎక్కితే ఆ రోజు ఇది అందదు. రాత్రి బండెక్కి తెల్లవారేసరికి వైజాగ్‌లో దిగాలి. మీ బండి లేటయితే టెన్షన్ పడక్కర్లేదు, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. ఇప్పటికీ సరుకు బండ్లకే పెద్దపీట. వానాకాలంలో పట్టాల మీద బండరాళ్లు పడితే పాసింజరు ఆగిపోతుంది కూడా. సొరంగాలు లెక్కపెట్టే సరదా మొదటిసారి ప్రయాణానికే, తర్వాత అందరం నిద్రపోతాం.

అక్కడ స్థలం కొనుక్కోవచ్చా?

ఇంత చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్క జవాబు చదవండి. మీరు గిరిజనులు కాకపోతే కొనలేరు. "మా ఫ్రెండు కొన్నాడండీ" అంటారు. ఆయన డబ్బిచ్చి ఉంటాడు, కొని ఉండడు.

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, పాడేరు, చింతపల్లి ఇవన్నీ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతాలు, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాలు, వాడుకలో ఏజెన్సీ. ఇక్కడి భూముల బదలాయింపు మీద 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో సవరించి గట్టి చేశారు. అందుకే ఆఫీసుల్లోనైనా టీ బడ్డీ దగ్గరైనా దీన్ని 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. గిరిజనులు బయటివాళ్లకి అమ్మకూడదన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలుసు. తెలియని సంగతి ఇంకోటుంది. ఇక్కడ ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా ఆ అమ్మకం చెల్లదు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతిలో కనిపిస్తే అది గిరిజనుల నుంచి వచ్చిందేనని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు ఆ పట్టుకున్నవాడిదే.

తరతరాలుగా ఇక్కడున్న గిరిజనేతర కుటుంబాల సంగతేంటని అడుగుతారు. వాళ్ల ఆస్తి పిల్లలకి వారసత్వంగా వెళ్తుంది. అమ్మాలంటే మాత్రం గిరిజనుడికి అమ్మాలి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి అమ్మాలి. కొనేవాళ్లు దొరక్కపోతే ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకునే దారి ఉంది. "పాత కోమటి గారి ఇల్లండీ, గిరిజన భూమి కాదు, క్లియర్ టైటిల్" అని బ్రోకరు చెబితే నవ్వి ఊరుకోండి.

ప్రభుత్వ భూమికీ ఇదే పద్ధతి. 1997లో సుప్రీంకోర్టు, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకి ఇవ్వకూడదని తేల్చింది. ఆ గొడవ ఎక్కడిదో కాదు, మన పక్కనున్న అనంతగిరి మండలం బొర్రా దగ్గరి లీజుల మీదే.

ఇక బ్రోకర్లు చూపించే కాగితాల సంగతి. తెల్లకాగితం అగ్రిమెంటు, దాని మీద నోటరీ ముద్ర, పంచాయతీ ఇంటిపన్ను రసీదు, ఎవరిదో పేరున్న కరెంటు బిల్లు, వీటన్నిటికీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. ఫోల్డరు బాగుంటుంది. అందులో ఏ కాగితమూ హక్కు ఇవ్వదు.

అమరావతి చుట్టుపక్కల సెంటు ధరలు విన్న చెవులకి ఈ ఖాళీ కొండవాలు చూస్తే మనసాగదు, నాకు తెలుసు. కానీ ఈ చట్టం లేకపోతే ఈపాటికి ఇక్కడ వలిసె పూల చేలుండేవి కావు, వెంచర్ల జెండాలుండేవి. మనలాంటివాళ్లం వచ్చి చూసి ముచ్చటపడటానికి ఏమీ మిగిలేది కాదు. నేను ఈ చట్టం పక్షమే.

మాకు తెలిసిన గిరిజన కుటుంబం పేరు మీద కొంటే?

దాన్ని బినామీ అంటారు. ఫిర్యాదు వెళ్తే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ఖాళీ చేయిస్తారు, శిక్ష కూడా ఉంది. రేపు పేచీ వస్తే కోర్టులో నిలబడి "స్థలం నాదే, వాళ్ల పేరు వాడుకున్నాను" అని చెప్పగలరా? పెట్టిన డబ్బు కృష్ణార్పణం. "వాళ్లు మోసం చేస్తే ఎలా?" అని కూడా అడిగారొకరు. ఇందులో మోసం ఎటు నుంచి మొదలైందో ఆయనే ఆలోచించుకోవాలి.

పదేళ్లు లీజుకి తీసుకుని హోమ్‌స్టే పెడదామనుకుంటున్నాం.

ఆ రెగ్యులేషన్‌లో 'బదలాయింపు' అంటే అమ్మకం ఒక్కటే అనుకోకండి. లీజు, తనఖా, బహుమతి, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. లీజు కాగితం చూసుకుని లక్షలు పోసి గదులు కట్టాక ఎవరైనా కేసు వేస్తే చేతిలో ఏమీ ఉండదు. ఇక్కడ భూమి ఉన్న కుటుంబాలు తమ సొంతంగా నడుపుకునే హోమ్‌స్టేలున్నాయి. మీకు వంటలోనో బుకింగుల్లోనో అకౌంట్లలోనో నైపుణ్యం ఉంటే వాళ్ల దగ్గర జీతానికో కమీషన్‌కో పనిచేయండి. ఈ సలహా చాలామందికి నచ్చదు.

మరి ఉండటానికి ఇల్లు?

నెలవారీ అద్దెకి అరకు టౌన్లో, పాడేరులో దొరుకుతాయి. ఇక్కడ పనిచేసే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఆస్పత్రి సిబ్బంది అలాగే ఉంటున్నారు. అయితే నవంబరు నుంచి జనవరి దాకా ఇల్లు వెతకొద్దు. అది టూరిస్టుల సీజను. నెల అద్దెకిచ్చే గదిని అప్పుడు రోజు లెక్కన ఇస్తే వచ్చేదెంతో ఇంటివాళ్లకీ తెలుసు.

ఇల్లు చూసేటప్పుడు ముందు గోడల అడుగుభాగం చూడండి. కొత్తగా రంగు వేసినా మోకాలెత్తు దాకా పొక్కులు లేచి, గోరుతో గీకితే సున్నం పొడిలా రాలుతోందంటే వానాకాలంలో ఆ గోడ చెమ్మ పీలుస్తుందన్నమాట. ఆ గోడకి బీరువా ఆనించారా, పట్టుచీరలకి బూజే. తర్వాత పైకప్పు. రేకులైతే వాన పడుతున్నంతసేపూ పక్క మనిషి మాట వినపడదు. తర్వాత నీళ్లు. కొండ ఊట నుంచి పైపు వేసి తెచ్చుకున్న నీళ్లయితే ఏప్రిల్, మే నెలల్లో ధార ఎంత వస్తుందో ఇంటివాళ్లని కాదు, పక్కింటివాళ్లని అడగండి. ఇంకొకటి, బెజవాడలో పడమటి ఎండ తగలని ఇల్లు వెతుక్కుంటాం. ఇక్కడ పొద్దుటి ఎండ నేరుగా లోపలికొచ్చే ఇల్లు కావాలి. తూర్పు వాకిలి అంటూ పట్టుబట్టేవాళ్లకి ఒక్కసారికి వాస్తు, వాతావరణం రెండూ కలిసొస్తాయి.

సొంత స్థలమే కావాలి, కానీ చల్లగా ఉండాలి. వేరే దారి?

ఘాట్ కింద శృంగవరపుకోట మైదానంలో ఉంది, విజయనగరం జిల్లా. అక్కడ కొనుక్కుని మనసైనప్పుడల్లా పైకి వచ్చిపోయేవాళ్లున్నారు. ఊరు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కదా అని వదిలేయకుండా ఆ సర్వే నంబరు మాత్రం విడిగా చూసుకోండి.

రాయలసీమలో మదనపల్లె ఇంకో దారి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. కొండ ఊరు అనలేం గానీ మన కోస్తా ఉక్కపోత ఉండదు. వందేళ్ల కిందట క్షయ రోగులకి ఆరోగ్యవరం ఆస్పత్రి అక్కడ పెట్టింది ఆ గాలి చూసే. పక్కనున్న హార్సిలీ హిల్స్ 1,200 మీటర్లు దాటిన ఎత్తు, అయితే అడవి, గెస్ట్‌హౌస్‌లు తప్ప అక్కడ కాపురానికి ఊరంటూ పెద్దగా లేదు. కూనూరు, ఏర్కాడు వెళ్తే తమిళం నేర్చుకోవాలి. హిమాచల్ అనుకుంటున్నవాళ్లు అక్కడి భూ చట్టంలో 118వ సెక్షన్ గురించి అడిగి తెలుసుకోండి, అక్కడా బయటివాళ్లకి భూమి అంత తేలిగ్గా రాదు.

చలి తట్టుకోగలమా?

అరకు 900 మీటర్ల పైన ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు పది డిగ్రీల లోపుకి దిగుతుంది. చింతపల్లి దగ్గరి లంబసింగి అయితే ఒక్కోసారి సున్నా దరిదాపులకి వెళ్తుంది. కొబ్బరినూనె సీసా ఎండలో పెడితే గానీ కరగదు. ఏసీ అమ్మేసి రండి, ఫ్యాన్లు తెచ్చుకోండి, గీజర్ తప్పదు.

ఏ నెలలో వచ్చి చూస్తే మంచిది?

జులై ఆఖర్లోనో ఆగస్టులోనో. మీరందరూ డిసెంబరులో వస్తారు. మంచు, పసుపుపచ్చ వలిసె పూలు, వేడివేడి బొంగులో చికెన్. ఆ వారంలో ఎవరికైనా ఇక్కడే ఉండిపోవాలనిపిస్తుంది. వానాకాలంలో వరసగా నాలుగు రోజులు ముసురు పట్టి, ఉతికిన బట్టలు గదంతా తాళ్ల మీద వేలాడుతూ, వాటికి ముక్కిపోయిన వాసన పట్టి, కరెంటు పోయి, పిల్లలు ఇంట్లోనే గొడవపడుతున్నప్పుడు కూడా మీకు అలాగే అనిపిస్తే మకాం మార్చండి. ఒక నెల అద్దె కట్టి ఉండి చూడటం మేలు. ఆ నెలలో ఇళ్లు దొరకడమూ తేలికే.

తుపాన్లు కొండల దాకా రావనుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్ దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి తోటల్లో కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు మొదళ్లతో సహా పడిపోయాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంట్లో బియ్యం, కొవ్వొత్తులు, గ్యాస్ నిండుగా ఉంచుకోవడం ఇక్కడి పాత అలవాటు.

వంట, కూరగాయలు, మన తిండి దొరుకుతాయా?

దొరుకుతాయి గానీ వంటిల్లు కొంచెం మొండికేస్తుంది. గుంటూరులో రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగే ఇడ్లీ పిండి ఇక్కడ జనవరిలో పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. గోరువెచ్చని నీళ్లతో రుబ్బి, గిన్నెకి పాత దుప్పటి చుట్టి, పొయ్యి ఆర్పిన వెంటనే ఆ గట్టు మీద పెట్టాలి. అయినా పొద్దున్నకి పులవకపోతే ఆ పూట ఉప్మా, ఇడ్లీ మధ్యాహ్నం. పెరుగు తోడుకోవడానికి మా ఇంట్లో హాట్‌బాక్స్ వాడుతున్నాం. ఊరగాయలు పెద్ద జాడీతో తేవద్దు. చెమ్మకి పైన తెల్లగా బూజు కడుతుంది. చిన్న చిన్న సీసాలుగా తెచ్చుకుని, తడి తగలని స్పూను వాడండి, పైన నూనె తేలుతూ ఉండాలి. మిరపకాయలు మాత్రం గుంటూరువే తెచ్చుకోండి. ఇక్కడ దొరికేదాని కారం మన నాలుకకి ఆనదు.

వారపు సంత మా ఇంట్లో అందరికీ ఇష్టం. రాజ్మా, పసుపు కొమ్ములు, పిప్పళ్లు, సామలు, చోళ్లు (మనం రాగులంటాం), చింతపండు, అడ్డాకులు, కొండ చీపుర్లు, కాలాన్ని బట్టి పనస, సీతాఫలం, అనాస. పొద్దున పదింటికల్లా వెళ్లాలి. కొందరు ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని చాలా దూరం నడిచి వస్తారు. వాళ్లతో ఐదు రూపాయల దగ్గర బేరమాడకండి. మన రైతుబజారులో రేటు బోర్డు చూసి నోరుమూసుకుని కొనేవాళ్లు ఇక్కడికొచ్చేసరికి ఎక్కడలేని బేరాలూ ఆడతారు.

ఆస్పత్రి సంగతి? అమ్మానాన్నలకి డెబ్భై దాటాయి.

అరకులో ఏరియా ఆస్పత్రి, పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి ఉన్నాయి. జ్వరాలకీ, దెబ్బలకీ, కాన్పులకీ చూస్తారు. పెద్ద అవసరం వస్తే వైజాగ్ కేజీహెచ్‌కో అక్కడి ప్రైవేటు ఆస్పత్రులకో దిగాల్సిందే, అంటే ఘాట్ మీదుగా మూడు గంటల పైమాట. గుండె స్టెంట్లు వేయించుకున్నవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు రావొద్దనే చెబుతాను. కొండగాలి ఆయాసానికి మంచిదని మన పెద్దవాళ్లు నమ్ముతారు గానీ మంచు, చెమ్మ చాలామందికి పడవు. మిగతావాళ్లు రావొచ్చు, రెండు నెలల మందులు ఎప్పుడూ దగ్గరుంచుకోవాలి.

దోమలున్నాయి, మలేరియా ఉంది. చలి ఊరు కదా అని దోమతెర మానొద్దు. వణుకుతో జ్వరం వస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఒక్క మాట, మనం మూడు గంటల ఘాట్ గురించి బెంగపడుతున్నాం. లోపలి గూడేల్లో రోడ్డు లేక మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే కుటుంబాలు ఈ జిల్లాలోనే ఉన్నాయి.

పిల్లల చదువు?

ఐదో తరగతి లోపు పిల్లలైతే ఇబ్బంది లేదు, ప్రైవేటు స్కూళ్లున్నాయి. ఇంటర్ దగ్గరికొచ్చిన పిల్లలుంటే ఆగండి. రాష్ట్రమంతా పిల్లల్ని ఇంటర్ చదువులకి విజయవాడ, గుంటూరు పంపుతుంటే మీరు అక్కణ్ణుంచి ఎదురొస్తారా? ఆశ్రమ పాఠశాలలు, ఏకలవ్య స్కూళ్లు గిరిజన పిల్లల కోసం పెట్టినవి, వాటి మీద కన్నేయకండి.

వర్క్ ఫ్రం హోమ్ కుదురుతుందా?

టౌన్లో ఉంటే కుదురుతుంది. రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు, మంచి ఇన్వర్టరు ఉండాలి. గాలివాన వస్తే రెండూ ఒకేసారి పోతాయి, మీ మేనేజరుకి ముందే చెప్పిపెట్టండి. టౌన్ దాటి కొండ మలుపు తిరిగితే సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. "ప్రకృతి ఒడిలో" ఇల్లు తీసుకునే ముందు ఆ ఇంటి అరుగు మీద నిలబడి ఒక వీడియో కాల్ చేసి చూడండి.

అక్కడి వాళ్లు మాట్లాడేది తెలుగేనా? కలుపుకుంటారా?

తెలుగుతో అన్ని పనులూ జరిగిపోతాయి. ఇళ్లలో ఆదివాసీ ఒరియా, కువి లాంటి భాషలు వినపడతాయి. బగత, కొండదొర, కోటియా, పోర్జా, గదబ, వాల్మీకి, ఖోంద్, ఇలా ఎన్నో తెగలు. అందరినీ కలిపి "ట్రైబల్స్" అని, వాళ్ల ముందే, మూడో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడే అలవాటు మనవాళ్లలో ఉంది. అది మానేస్తే సగం పని అయినట్టే. అడక్కుండా ఫోటోలు తీయొద్దు. థింసా (ఇక్కడి ఆదివాసీల గుంపు నృత్యం) ఆడుతుంటే మధ్యలో దూరి చేతులు పట్టుకోవద్దు, వాళ్లే రమ్మంటారు.

చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, ఆడవాళ్లు పాడుతూ బండ్లు ఆపి డబ్బులడుగుతారు. పది, ఇరవై చిల్లర నోట్లు కారులో ఉంచుకుని నవ్వుతూ ఇచ్చి వెళ్లండి. హారన్ కొడితే ఇంకాసేపు పాడతారు.

నక్సల్స్ భయం ఉందా? గంజాయి అంటారు కదా?

2018 సెప్టెంబరులో అరకు ఎమ్మెల్యేని, ఒక మాజీ ఎమ్మెల్యేని మావోయిస్టులు డుంబ్రిగుడ మండలంలో కాల్చి చంపారు. ఆ సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. టౌన్లో మామూలు జీవితానికి మాత్రం అడ్డేమీ లేదు. లోపలి రోడ్లలో రాత్రిపూట తిరగకండి. గంజాయి కోసం చెక్‌పోస్టుల్లో బండి ఆపి డిక్కీ చూస్తారు, విసుక్కోవద్దు. "వైజాగ్‌లో మావాళ్లకి ఈ పార్సిల్ ఇచ్చేయండి" అని ఎవరడిగినా, మొహమాటం లేకుండా కుదరదనండి.

చిన్న కాఫీ తోట పెట్టుకోవాలని కోరిక.

స్థలం గురించి పైన చెప్పిందే మళ్లీ చదవండి. కాఫీ తాగండి, కొనండి. అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య పండించే పంట. నవంబరు నుంచి పండ్ల కోత. ఎవరైనా రైతు రమ్మంటే ఒక పూట వెళ్లి ఎర్రబడ్డ పండ్లే ఏరి కోసి చూడండి. వాలు మీద నిలబడి బుట్ట నింపేసరికి తోట కోరిక చాలావరకు తీరిపోతుంది.

ఖర్చు తగ్గుతుందా?

అద్దె, కరెంటు తగ్గుతాయి. మైదానం నుంచి ఎక్కి రావాల్సిన ప్రతి వస్తువుకీ నాలుగు రూపాయలు ఎక్కువ. పెళ్లిళ్లకీ పేరంటాలకీ ప్రతిసారీ బెజవాడ దిగుతూ ఉంటే మిగిలిందంతా రైలు టికెట్లకే.

సామాను ఎలా తేవాలి?

పెద్ద లారీ మాట్లాడుకోవద్దు. ఘాట్ మలుపులకి, తర్వాత సందుల్లోకి చిన్న వ్యాను నయం. వైజాగ్ లేదా శృంగవరపుకోట దాకా ఒక బండి, అక్కణ్ణుంచి ఘాట్ అలవాటున్న లోకల్ డ్రైవర్ ఉన్న ఇంకో బండి. సామాను ఒకసారి మార్చాల్సి వచ్చినా ఇదే క్షేమం. వానాకాలంలో అయితే టార్పాలిన్ రెండు పొరలు. నేలకి ఆనుకుని ఉండే చెక్క దివాన్లు, స్పాంజి సోఫాలు చుట్టాలకి ఇచ్చేయండి, చెమ్మకి ఆగవు. ఇనుప మంచాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గట్టి మూతలున్న స్టీలు డబ్బాలు తెచ్చుకోండి. గ్యాస్ కనెక్షన్, ఆధార్ చిరునామా మార్పు కాగితాలు చేతి సంచీలోనే ఉంచుకోండి. ఫ్రిజ్ నిలబెట్టే తేవాలని డ్రైవరుకి బయల్దేరేముందే చెప్పండి, దింపాక నాలుగైదు గంటలు ఆగి ప్లగ్ పెట్టండి.